విందులో విషాదం: అపరాధ పరిశోధక నవలలు, కార్యకారణ విచారణ

అపరాధ పరిశోధక నవలలలో ఒక ప్రత్యేక శాఖ ఉన్నది. ఒక ఇంట విందు జరుగుతుంది. పిలుపందుకొన్నవారు పదిమందికి మించరు. నవ్వులు, పలకరింపులు సాగుతుండగా ఒక అతిథి గ్లాసు ఎత్తి ఒక్క గుక్క త్రాగి కూలిపోతాడు. తలుపులు మూస్తారు. ఎవరినీ బయటికి పోనివ్వరు. హంతకుడు ఆ పదిమందిలోనే ఉన్నాడు. మిగిలిన పుటలన్నీ అతడెవరో తేల్చడానికే.

ఇటువంటి నవలలను ఉన్నత పాఠశాల విద్యార్థులు పాఠ్యపుస్తకాల మధ్య దాచుకొని చదవడమూ, ఉపాధ్యాయులు వాటిని లాగుకొని బల్ల సొరుగులో వేయడమూ పాత సంగతే. సొరుగులో పడిన పుస్తకాన్ని ఉపాధ్యాయుడు ఇంటికి తీసుకొనిపోయి తెల్లవార్లూ చదవడం కూడ కొత్తది కాదు. కాలక్షేపపు పుస్తకమని వీటిని త్రోసివేయనక్కరలేదు. గొప్ప సాహిత్యమని నెత్తిన పెట్టుకోనూ అక్కరలేదు. విజ్ఞానశాస్త్రమనే చేటలో ఒకసారి చెరిగి చూస్తే గట్టి ఎంతో, తాలు ఎంతో తేలుతుంది.

లక్క ఇంటి లెక్క

విందు చెడిన కథ తెలుగువారికి పడమటినుండి దిగుమతి అయినది కాదు. భారతం ఆదిపర్వంలో వారణావతపు లక్క ఇంట కుంతి విందు చేస్తుంది. ఒక నిషాదస్త్రీ తన ఐదుగురు కొడుకులతో వచ్చి, తిని, త్రాగి, ఒళ్ళు తెలియక అక్కడే నిద్రపోతుంది. ఆ రాత్రి ఇల్లు కాలిపోతుంది. తెల్లవారి జనం బూడిదలో ఒక తల్లి, ఐదుగురు కొడుకుల అవశేషాలు చూచి పాండవులే మరణించారని ఏడుస్తారు. హస్తినాపురంలో ఉత్తరక్రియలు కూడ జరిగిపోతాయి.

ఇక్కడ లెక్క సరిపోయింది. మనుషులు మాత్రం వారు కారు. “ఆరుగురు ఉండేవారు, ఆరు శవాలు దొరికినవి, కాబట్టి వారే వీరు” అన్న తర్కంలో లోపమేమిటో ఎనిమిదవ తరగతి విద్యార్థి సైతం చెప్పగలడు. సంఖ్య కుదరడం ఒక ఆధారం మాత్రమే. గుర్తింపు వేరే జరగవలెను. నేడైతే ఎముకల కొలతలనుబట్టి వయస్సును అంచనా వేస్తారు. పండ్లనూ, జన్యుపదార్థాన్నీ పరీక్షిస్తారు. ఒక వాస్తవానికి ఎన్ని వివరణలు పొసగునో అన్నిటినీ ముందుంచుకొని, ఒక్కొక్కదాన్నే కొట్టివేయడం శాస్త్ర పద్ధతి. మంచి అపరాధ పరిశోధక నవల చేసే పని కూడ సరిగా ఇదే.

మూసిన గది ఒక ప్రయోగశాల

రచయితలు విందునే ఎందుకు ఎన్నుకొంటారు? వస్తువులు కొన్నే ఉండి, బయటినుండి ఏదీ లోనికి రాకుండా చేస్తేగాని ప్రయోగ ఫలితాన్ని నమ్మలేము. విందు గది అటువంటి మూతపడిన పాత్ర. అగాథా క్రిస్టీ 1939లో వెలువరించిన నవలలో పదిమందిని ఒక దీవికి చేర్చి, పడవ రాకపోకలు ఆపివేసింది. ఆ పదిమంది తప్ప వేరొక కారకుడు ఉండే అవకాశం లేకుండా చేయడమే అందులోని ఏర్పాటు.

ఆమెయే వ్రాసిన ‘స్పార్క్‌లింగ్ సయనైడ్’ (1945) ఈ పోలికను ఇంకొక మెట్టు పైకి తీసుకొనిపోయింది. ఒక హోటలులో పుట్టినరోజు విందు. బల్ల చుట్టూ ఏడుగురు. పుట్టినరోజు జరుపుకొంటున్న స్త్రీ షాంపేన్ త్రాగి మరణిస్తుంది. ఆత్మహత్య అని తీర్పు వస్తుంది. భర్తకు సందేహం తీరదు. ఏడాది తరువాత అదే హోటలులో, అదే బల్లవద్ద, ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, మిగిలిన అతిథులనందరినీ మళ్ళీ కూర్చోబెడతాడు. అనగా ప్రయోగాన్ని పునరావృతం చేస్తాడు. ఈసారి ప్రాణం పోయేది ఆయనదే.

ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారన్నది మారలేదని అందరూ అనుకొంటారు. చదువరి కూడ అనుకొంటాడు. చిక్కంతా ఆ నమ్మకంలోనే ఉన్నది. ప్రయోగశాలలో ఉష్ణోగ్రత స్థిరమని వ్రాసుకొని, కిటికీ తెరిచి ఉన్న సంగతి మరచిన విద్యార్థి పరిస్థితి ఇదే. ఈ నవలలోని గట్టి గింజ హంతకుని పేరు కాదు. పరీక్షించకుండా స్థిరమని ఒప్పుకొన్నదే మోసం చేస్తుందన్న పాఠము.

గ్లాసులోని విషం

విషయం పద్ధతినుండి పదార్థానికి వచ్చేసరికి తాలు కనబడుతుంది. ఈ నవలలకు సయనైడు అంటే ఎక్కువ మక్కువ. గుక్క మింగిన వ్యక్తి చప్పుడు లేకుండా కుర్చీలో వాలిపోతాడు. డిటెక్టివ్ వంగి వాసన చూచి, “చేదు బాదం!” అంటాడు.

వాస్తవమేమిటి? పొటాషియం సయనైడు కడుపులోని ఆమ్లంతో కలిసి హైడ్రోజన్ సయనైడు వాయువును విడుదల చేస్తుంది. జీవకణాలలో ఆక్సిజన్‌ను వినియోగపరచే ఒక ఎంజైమును అది పట్టుకొని పనిచేయకుండ చేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణాలు దానిని వాడుకోలేవు. సుమారు 200 నుండి 300 మిల్లీగ్రాముల మోతాదు ప్రాణాంతకము కావచ్చును. అయితే ఆ పదార్థానికి తీవ్రమైన క్షారగుణం ఉన్నది. నోరు, గొంతు మండుతాయి. ఆయాసము, మూర్ఛలు కలుగుతాయి. మరణానికి సాధారణంగా కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ వాసన గుర్తించే శక్తి కొందరికి పుట్టుకతోనే ఉండదు. అన్నిటికంటె ముఖ్యమైనది, దీనికి విరుగుడు మందులు కలవు. సకాలంలో వైద్యం అందితే బ్రతికినవారున్నారు. నవలలలో ప్రథమచికిత్స చేయబోయే అతిథి అరుదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూచుకొంటూ నిలుచుంటారు. కథకు శవం కావలెను కాబట్టి రచయిత వైద్యుని ఆలస్యంగా రప్పిస్తాడు. విద్యార్థి ఈ భాగాన్ని అనుకరించరాదు.

చరిత్రలోని ఒక విందు కూడ ఇక్కడ చెప్పుకోదగినది. 1916 డిసెంబరులో రష్యా రాజధానిలో రాస్‌పుటిన్‌ను విందుకు పిలిచి, కేకులలో, మద్యంలో సయనైడు కలిపి పెట్టామనీ, అతడు చలించలేదనీ ఆతిథ్యమిచ్చిన యూసుపోవ్ తరువాత వ్రాసుకొన్నాడు. అతని ప్రాణం తీసినవి తుపాకి గుండ్లు. సయనైడును గాలి తగిలేట్లు నిలువ ఉంచితే క్రమంగా కార్బొనేటుగా మారి శక్తి కోల్పోతుందని కొందరు, అసలు అతడు కేకులు తిననే లేదని కొందరు చెప్పారు. చెప్పినవాడే నిందితుడైనప్పుడు ఆ మాటను సాక్ష్యంగా ఎంతవరకు తీసుకోవచ్చునన్నది మరొక ప్రశ్న.

నికోటిన్ కథ ఇంతకంటె బోధప్రదమైనది. క్రిస్టీ ‘త్రీ యాక్ట్ ట్రాజెడీ’ నవల 1930వ దశకం నడుమ వెలువడినది. అందులో ఒక పానీయపు విందులో వృద్ధ మతాచార్యుడు గ్లాసు పెదవులకు తాకించిన కొద్దిసేపటికి మరణిస్తాడు. గ్లాసును పరీక్షకు పంపుతారు. అందులో విషం లేదు. కాబట్టి సహజమరణమే అంటారు. పరీక్ష తప్పు కాదు. ఫలితమూ తప్పు కాదు. కాని పరీక్షకు వెళ్ళిన నమూనా సరియైనదేనా అని ఎవరూ అడుగలేదు. ప్రయోగశాల తన చేతికి వచ్చినదాన్ని గురించి మాత్రమే చెప్పగలదు. నీటి నమూనా, మట్టి నమూనా, రక్తపు నమూనా, దేనికైనా ఈ మాట వర్తిస్తుంది.

పొగాకులోని ఈ విషం ఎంత బలమైనదో ఆంధ్ర రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పొగాకు కషాయాన్ని పురుగుమందుగా పైరుమీద చల్లడం వెనుకటినుండి ఉన్నది. మంచుకు తడిసిన పచ్చి ఆకు కోసే కూలీలకు వాంతులు, తలతిప్పుట కలగడం చర్మం ద్వారా నికోటిన్ లోనికి పోవడంవల్లనే. 1947లో రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వెలసినది; అంత విస్తారంగా ఈ పంట ఇక్కడ పాతుకొన్నది.

నికోటిన్‌తో నిజంగానే ఒక విందు చెడినది. 1850 నవంబరులో బెల్జియంలో కౌంట్ బొకార్మే అనే ప్రభువు ఇంట భోజన సమయంలో ఆయన బావమరిది మరణించాడు. వృక్షసంబంధమైన విషాలను శవంలో కనిపెట్టే ఉపాయం అప్పటికి ఎవరికీ తెలియదు. ఝాఁ స్టాస్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు శరీర భాగాలనుండి ఆల్కహాలుతో, ఆమ్లంతో, క్షారంతో, ఈథరుతో అంచెలంచెలుగా పనిచేసి నికోటిన్‌ను వేరుచేశాడు. 1851లో కౌంటుకు మరణశిక్ష అమలైనది. స్టాస్ పద్ధతి తరువాతివారి సవరణలతో విషశాస్త్ర గ్రంథాలలో నిలిచిపోయినది. నవలలలోని డిటెక్టివ్ ఒక్క చూపుతో తేల్చేదానిని ఒక శాస్త్రజ్ఞుడు ఎంత శ్రమపడి తేల్చాడో పోల్చి చూస్తే విద్యార్థికి రెండింటి విలువా తెలుస్తుంది.

ఒకే వంటకం, ఇద్దరు భోక్తలు

డొరొతీ సేయర్స్ ‘స్ట్రాంగ్ పాయిజన్’ (1930) మరొక మెట్టు. ఇద్దరు ఒకే పళ్ళెంలోని వంటకాలు పంచుకొని తిన్నారు. ఒకడు పాషాణంవల్ల మరణించాడు. రెండవవాడు క్షేమంగా ఉన్నాడు. కాబట్టి విషం ఆ భోజనంలో లేదని న్యాయస్థానమే అనుకొంటుంది. ఒక నిరపరాధి మెడకు ఉరి బిగుస్తుంది. చివరకు తేలేదేమంటే, రెండవవాడు కొద్దికొద్దిగా పాషాణం సేవించి ముందుగానే అలవాటు పడ్డాడు.

“ఒకే కారణం, కాబట్టి ఒకే ఫలితం” అన్న సూత్రంలో “ఒకే రకమైన దేహం” అన్న షరతు దాగి ఉన్నదని పట్టుకోవడం సేయర్స్ ప్రతిభ. కాని ఆమె ఆధారపడిన విషశాస్త్రం నేటి పరీక్షకు నిలవదు. ప్రాణాంతకమైన మోతాదును భోజనంలా జీర్ణించుకొనే అలవాటు మనిషికి కలుగుతుందనడానికి నమ్మదగిన నిదర్శనం లేదు. పశ్చిమ బెంగాలులో పాషాణం కలసిన బోరు నీరు ఏళ్ళ తరబడి త్రాగిన జనానికి అది వంటబట్టలేదు. చర్మవ్యాధులు, కేన్సరు వచ్చినవి. అందుచేతనే త్రాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. నవల తర్కంలో నెగ్గి రసాయనంలో ఓడినది.

పగ లేని కారణం

ఈ శాఖలో విజ్ఞానశాస్త్రానికి అన్నిటికంటె దగ్గరగా వచ్చినది క్రిస్టీ 1962లో వ్రాసిన ‘ది మిర్రర్ క్రాక్డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్’. నవల వెలువడి అరువది ఏండ్లు దాటినది గనుక గుట్టు విప్పినా తప్పులేదు. ఒక సినిమా నటి తన ఇంట ఊరివారికి విందు చేస్తుంది. ఆమెను ఆరాధించే ఒక సామాన్య గృహిణి, ఎన్నో ఏండ్లకు పూర్వం ఆమెను మొదటిసారి చూచిన ముచ్చటను సంబరంగా చెబుతుంది. ఆనాడు తనకు జబ్బుగా ఉన్నా, ముఖానికి రంగు పూసుకొని, మంచంమీదినుండి లేచి వచ్చి ఆమె సంతకం తీసుకొన్నదట. కొద్ది నిమిషాల తరువాత ఆ గృహిణి విషపానీయంతో మరణిస్తుంది.

ఆ జబ్బు రుబెల్లా. ఆనాడు నటి గర్భవతి. పుట్టిన బిడ్డ వైకల్యంతో పుట్టినది. గర్భం దాల్చిన తొలి మూడు నెలలలో ఈ జబ్బు సోకితే శిశువు కన్నులకు, గుండెకు, చెవులకు హాని కలుగుతుందని 1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ మొదట గుర్తించాడు. వైద్యులకు తెలిసిన ఈ విషయాన్ని క్రిస్టీ ఇరువది ఏండ్లలో కథాబీజం చేసినది.

ఇందులో మొదటి హాని చేసినది ఎవరు? ఒక అభిమాని. ఎందుకు చేసినది? ప్రేమతో. ఎట్లు చేసినది? తెలియక. పగ, ఆస్తి, అసూయ అనే మూడు మేకులకే కథను తగిలించే నవలల మధ్య ఈ ఒక్కటి, మహాపకారానికి దురుద్దేశం అవసరం లేదని చూపుతుంది. తట్టు–రుబెల్లా టీకాలను 2017లో తెలుగు రాష్ట్రాల పాఠశాలలలో పిల్లలకు వేసినప్పుడు, మగపిల్లలకు ఎందుకని అడిగిన తలిదండ్రులకు ఈ కథ సరియైన జవాబు.

ముదినేపల్లి పందిరిలో

తెలుగులో డిటెక్టివ్ నవల ఇరువదవ శతాబ్దపు తొలి దశకాలలో బెంగాలీ రచయిత పాంచ్‌కడీ దే అనువాదాలతో బలపడినది. తరువాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింటి పరిచయస్థులైనారు. మారువేషాలు, వెంటాడడాలు, చీకటి బంగళాలు తెలుగు చదువరికి కావలసినన్ని దొరికినవి. మూసిన గదిలో పదిమంది అతిథుల నవల మాత్రం ఇక్కడ అంతగా వేరూనలేదు. దానికి కారణం రచయితల అసమర్థత కాదు. విందు స్వభావమే వేరు.

గుడివాడనుండి కైకలూరు పోయే దారిలోని ముదినేపల్లిని ఉదాహరణగా తీసుకొందాము. చుట్టూ వరి మళ్ళు, చేపల చెరువులు. పూర్వం కృష్ణా జిల్లాలోనిది. 2022నుండి ఏలూరు జిల్లాలో చేరినది. అటువంటి ఊరిలో పెండ్లివిందుకు తలుపు లేదు, పందిరి ఉన్నది. పిలిచినవారితోపాటు పిలువనివారూ వస్తారు. గాడిపొయ్యిమీద గుండిగలు ఎక్కుతాయి. వడ్డించేవాడు వరుసలో అందరికీ ఒకే గరిటెతో వేసుకొంటూ పోతాడు. ఎవరి గ్లాసు ఎవరిదో తెలియదు. తిన్న ఆకులు అప్పుడే ఎత్తివేస్తారు. ఆధారాలన్నీ పెంటకుప్పకు చేరుతాయి. ఇక్కడ లండను డిటెక్టివ్ వచ్చి “ఎవరూ కదలవద్దు” అంటే వినేవారుండరు.

అయినా ఈ విందులో మరొక రకమైన సాక్ష్యం ఉన్నది. అది బంతి. ఎవరు మొదటి బంతిలో, ఎవరు మూడవ బంతిలో కూర్చున్నారో ఊరంతటికీ గుర్తే. ఏమి తిన్నారో, ఏది వద్దన్నారో కూడ గుర్తే. ఈ రెండు సంగతులనుంచి ఎంత తెలుసుకోవచ్చునో ఒక ఊహాజనితమైన లెక్కలో చూడవచ్చును.

100 మంది భోజనం చేశారు. సాయంత్రానికి 47 మందికి వాంతులు పట్టుకొన్నవి. పులిహోర తిన్న 80 మందిలో 38 మంది, తినని 20 మందిలో 9 మంది జబ్బుపడ్డారు. అనగా 47.5 శాతం, 45 శాతం. తేడా లేదు. పాయసం తిన్న 60 మందిలో 45 మంది, తినని 40 మందిలో ఇద్దరే జబ్బుపడ్డారు. అనగా 75 శాతం, 5 శాతం. వేలు పాయసంవైపు చూపుతున్నది. ఆ ఇద్దరు? గుర్తు తప్పి ఉండవచ్చు, లేదా పాయసపు గరిటె మరొక గిన్నెలో పడి ఉండవచ్చు.

ఇంకొక మెట్టు. పాయసం తిన్నవారిలో మొదటి బంతిలోని 14 మందిలో ఒక్కడు, రెండవ బంతిలోని 22 మందిలో 20 మంది, మూడవ బంతిలోని 24 మందిలో అందరూ పడిపోయారు. పాయసంలో ఎవరో విషం కలిపి ఉంటే మొదటి బంతి ఎందుకు తప్పించుకొన్నది? బంతి బంతికీ పెరిగేది ఏది? కాలము. వంటవాని వేలిమీది చిన్న పుండునుండి స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి గోరువెచ్చని పాలలో పడితే, అనుకూల పరిస్థితులలో ఇరువది నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలదు. నాలుగు గంటలలో పన్నెండు రెట్టింపులు. ఒక్కటి 4,096 అవుతుంది. నూరు 4,09,600 అవుతాయి. అవి విడిచే విషం తిరిగి కాచినా నశించదు. తిన్న ఒకటి నుండి ఆరు గంటలలో వాంతులు కలుగుతాయి. పులిహోరలో చింతపండు పులుపు ఉన్నందున అందులో వీటి పెరుగుదల మందగిస్తుంది. బంతుల లెక్క, గడియారం, రసాయనం మూడూ ఒకే మాట చెబుతున్నవి. ఈ కథలో నేరస్థుడు నాలుగు గంటల ఆలస్యం.

ఇటువంటి నవల తెలుగులో రావలసి ఉన్నది. అందులో ఉత్కంఠకు లోటుండదు. ఎందుకంటే నిజమైన విందు చెడినప్పుడు ఊరు ఊరుకోదు. “మందు పెట్టారు” అన్న మాట గంటలో పాకుతుంది. చూపులన్నీ వంటమనిషిమీదికో, పేద బంధువుమీదికో, గిట్టని కోడలిమీదికో తిరుగుతాయి. మందు కక్కిస్తానని పసరు పోసే నాటువైద్యుడు తయారవుతాడు. ప్రతి విషాదానికీ ఒక దుర్మార్గుడు ఉండితీరవలెనని నేర్పే చౌకరకపు నవల ఈ తొందరను ఎగసనదోస్తుంది. మంచి నవల దానిని నిలవేస్తుంది. అందులో అనుమానం అందరిమీదా సమానంగా పడుతుంది. ఇంటి యజమానికైనా మినహాయింపు లేదు. నిరూపణ కానంతవరకు అనుమానం ఒక ప్రతిపాదన మాత్రమే.

దురుద్దేశం లేకుండానే ఎంత ఘోరం జరుగునో చెప్పడానికి రెండు నిజమైన సంఘటనలు చాలు. 1958లో కేరళలో, ఓడ రవాణాలో పారాథియాన్ అనే పురుగుమందు కారి పిండిలో కలిసినందున నూరుమందికి పైగా మరణించారు. ఫాలిడాల్ పేరుతో డెల్టా రైతు ఎరిగిన మందే అది. ఆ దుర్ఘటన తరువాత విచారణ జరిగి, 1968లో కీటకనాశకాల చట్టం వచ్చినది. 2013 జూలైలో బీహారు సారణ్ జిల్లాలోని ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలినది. ఏ నవలా రచయితా ఇంతటి విందును ఊహించలేదు.

పాఠశాలలలో మధ్యాహ్న భోజనాన్ని పిల్లలకు వడ్డించకముందు ఒక ఉపాధ్యాయుడైనా రుచి చూడవలెనన్న నిబంధన కలదు. రుచిలో, వాసనలో తేడా ఉన్న విషాన్ని అది పట్టగలదు. స్టాఫిలోకాకస్ విషానికి రుచీ వాసనా లేవు. దానికి కావలసినది గడియారం, శుభ్రమైన చేతులు, వేడి తగ్గకముందే ముగిసే వడ్డన. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా వంటింటికి రానీయకూడదు. ప్రతి వంటకంనుండి కొంచెం తీసి మూతపెట్టి, చల్లని చోట మరునాటివరకు దాచితే, అవసరమైనప్పుడు పరీక్షకు సరియైన నమూనా దొరుకుతుంది. సొరుగులోని డిటెక్టివ్ నవలను ఉపాధ్యాయుడు ఒకనాడు బయటికి తీసి, పైన చూపిన బంతుల లెక్కను నల్లబల్లమీద వేయించి, “మొదటి బంతి ఎందుకు తప్పించుకొన్నది?” అని అడిగితే, తరగతిలో సగంమంది పీరియడు ముగిసేలోగా జవాబు చెప్పగలరు.